పలుచని దుప్పి

గట్టు
సెప్టెంబరు 14

మేనకోడలు సుమనకు జోగులమ్మ అత్త రాసేది.

మేం మంచిగున్నం. నువ్వు మంచిగున్నవని మీ అమ్మ చెప్పింది. ఫోన్ చెయ్యమని ఆమె అంటది గానీ మీ అడవిల సిగ్నల్ లేదు, నా చెవుల ఇనికిడి లేదు. రెండూ లేనికాడ ఫోన్ ఏం చేస్తది. నువ్వు ఒకటో తరగతి చదివేటప్పుడు నీ పలక మీదనే నాకు గూడ అక్షరాలు నేర్పినవు. ఇరవై ఏండ్లాయె. ఇప్పుడు పనికొస్తున్నయి.

పని సంగతి చెప్త. భీమన్న నాలుగెకరాల నల్లభూమి మీ మామ ఉన్నప్పటి నుంచి మనమే కౌలుకు చేస్తున్నం. పోయిన రెండేండ్లు పంట సరిగ్గ రాలే. మొన్న భీమన్న పిలిచి కూసోబెట్టి చెప్పిండు. ఈ యాసంగి మంచిగ పండిస్తే చేను నీ చేతులనే ఉంటది, లేకుంటే ఉగాదికి పక్కచేని యాదయ్యకు ఇస్త అన్నడు. యాదయ్య పక్కనే కూసున్నడు. తల ఊపిండు.

చలి గట్టిగ పడితే శనగ పండుతది. చలి లేకుంటే పల్లి పండుతది. ఏ చలికాలం వస్తదో దసరా లోపలనే తెల్వాలె. యాదయ్య ఫోన్ల చూస్తడు. నేను మా నాయన చెప్పినట్టు గుట్ట మీది జీవాలను చూస్త. ఉడుము తోక లావైతే చలి ముదురు. కుందేలు చెవుల బొచ్చు నిండితే చలి ముదురు. నేను ఏది ఏస్తే ఊర్ల ఆరు ఇండ్లోళ్లు అదే ఏస్తరు, నీకు ఎర్కే. కానీ ఈ ఏడు గుట్ట కాడ రాళ్లు కొట్టే మిషన్ పెట్టిండ్రు. దినమంత మోత. నాలుగు సార్లు ఎక్కి చూసిన. ఉడుము లేదు, కుందేలు లేదు. ఒక తొండ కనబడ్డది. తొండ మా నాయన లెక్కల లేదు.

కరువుల ఎడ్లను తోలుకొని నల్లమలకు పోయినప్పుడు మా నాయన, అదే మీ తాత లింగయ్య, దుప్పిని చూసి చలి చెప్పెటోడు. దుప్పి బొచ్చు మందమైతే చలి ముదురు. పలుచగుంటే చలి లేనట్టే. నువ్విప్పుడు దుప్పుల నడుమనే ఉన్నవు. సర్కారు జీతమిచ్చి మరీ చూడమన్నది. జర ఒకదాన్ని మంచిగ చూసి, మందమా పలుచనా, ఒక్క మాట రాయి. దసరా దాటనియ్యకు.

ఇంత పొడుగు ఎన్నడు రాయలే. వేలు వంకర పోయింది.

నీ అత్త
జోగులమ్మ


నల్లమల, మన్ననూరు దగ్గరి క్యాంపు
సెప్టెంబరు 24

పూజ్యులైన అత్తగారికి సుమన నమస్కారాలు.

మీ ఉత్తరం నిన్న బియ్యం తెచ్చే జీపులో వచ్చింది. మీ అక్షరాలు చూసి చాలా సంతోషించాను. ‘ఞ’ ఒక్కటి ఎక్కడా కనిపించలేదు. అయితే దాని అవసరం ఇంతవరకు నాకూ రాలేదు.

మీరు అడిగిన విషయంలో నిజాయితీగా రాయడం నా బాధ్యత. మన ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని నేనే కాబట్టి ఆ బాధ్యత ఇంకా ఎక్కువ అనుకుంటాను. జంతువుల శరీర స్థితికీ, రాబోయే శీతాకాలపు ఉష్ణోగ్రతలకూ మధ్య నిరూపితమైన సంబంధం ఏదీ లేదు. ఇటువంటి విశ్వాసాలు పూర్వం ప్రత్యామ్నాయ సమాచార వనరులు లేని పరిస్థితుల్లో ఏర్పడినవి. వాటిని ఆధారం చేసుకుని పంట నిర్ణయం తీసుకోవడం సమంజసం కాదు. దయచేసి మండల వ్యవసాయ అధికారిని సంప్రదించగలరు. పైగా ఫారెస్ట్ బీట్ ఆఫీసరుగా విధుల్లో గమనించిన వివరాలను సొంత అవసరాలకు వాడటం ఉద్యోగ ధర్మం కాదు. కావున దుప్పుల విషయంలో నేను ఏమీ రాయలేను. మీరు అర్థం చేసుకుంటారని నమ్ముతున్నాను.

క్యాంపులో నాతో పాటు గోవిందన్న అనే వాచరు ఉంటారు. ముప్పై ఏళ్లుగా ఈ అడవిలో నడుస్తున్న మనిషి. పగలు పదిహేను కిలోమీటర్లు తిరుగుతాము. అన్నం బాగానే ఉంటోంది.

నా గురించి బెంగ వద్దు. దుప్పటి మాత్రం చాలా పలుచగా ఉంది. మొన్న ఉతికి ఆరేస్తే అవతల నిలబడిన గోవిందన్న కనిపించారు. ఆయన కూడా పట్టి చూసి, ఈ చలికాలానికి ఏం ఫరవాలేదులే అన్నారు.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు
మీ సుమన


గట్టు
అక్టోబరు 3

కోడలా,

ఉత్తరం అందింది. నన్ను ‘మీరు’ అని రాసినవు. నా ఎనక ఇంకెవరన్న ఉన్నరా అని తిరిగి చూసుకున్న.

నడుమ రాసింది బడి తెలుగు. నాలుగు సార్లు మొదలుపెట్టిన. నాలుగు సార్లు ‘ఉష్ణోగ్రత’ కాడ ఆగిపోయిన. ఐదోసారి దాన్ని దాటి కిందికి పోయి చదివిన. అసలు సంగతి నువ్వు కిందనే పెట్టినవు. దుప్పి శానా పలుచగున్నదని. అది సమజైంది. అంతే కావాల్నుండె.

దుప్పిని ఉతికి ఆరేసి చూసుడు మా నాయన కాలంల లేకుండె. ఆయన దూరంకెల్లి చూసి చెప్పెటోడు. సర్కారు పని సర్కారు పనే, మట్టి పోయినంక గదా అసలు బొచ్చు తెలిసేది. కానీ అవతలి మనిషి కనబడేటంత పలుచన అని నేను యాడ ఇనలే. మా నాయన ఉంటే ఈ ఏడు గొంగడి గూడ కొనెటోడు కాదు.

గోవిందు గూడ పట్టి చూసిండంటివి. ముప్పై ఏండ్లోడు చెప్పినంక ఇంకేం కావాలె.

భీమన్నకు చెప్పిన. నా కోడలు కండ్లార చూసి రాసింది, ఈ ఏడు చలి లేదు, పల్లి ఏస్తున్న అని చెప్పిన. ఆరు ఇండ్లోళ్లు గూడ పల్లికే ఒప్పుకున్నరు. యాదయ్య తన ఫోన్ల చలి ఉన్నదంటుండు. మా చేను పక్కనే ఆయన సొంత చేను గదా, దాంట్ల శనగ ఏస్తడట. ఏసుకోనీ. గద్వాలకెల్లి విత్తనం తెప్పిచ్చిన. దసరా ఎల్లినంక ఏస్త.

నీకు దేవుడు మంచి చెయ్యాలె. అత్త మాట తీసెయ్యలే.

జోగులమ్మ


క్యాంపు
అక్టోబరు 6

అత్తగారికి,

మీ నుంచి జవాబు రాలేదు. పోయిన ఉత్తరంలో కొంచెం కఠినంగా రాశానేమో అని రెండు వారాలుగా ఆలోచిస్తున్నాను. మీ మనసు నొప్పించాలని కాదు. మన పొలం సంగతి నాకు తెలియనిది కాదు. ఆ చేలోనే మీ వెనక సాళ్లలో నడిచి పెరిగాను.

ఇక్కడ విశేషాలు ఏమీ లేవు. దుప్పటి ముళ్లకంపకు తగిలి ఒక పక్క బాగా చిరిగింది. నేనే కూర్చుని ఆరు కుట్లు వేశాను. కానీ ఇంకో నెలకు మించి రాదని గోవిందన్న అంటున్నారు. చూడాలి.

వ్యవసాయ అధికారిని కలిశారా? ఆయన ఏమన్నారో తప్పక రాయండి.

మీ సుమన


గట్టు
అక్టోబరు 15

కోడలా,

నీ రెండో ఉత్తరం అందింది. కోపం ఏం లేదు. పని ఎక్కువై రాయలేకపోయిన.

నాలుగెకరాలు పల్లి ఏసినం. పదును మంచిగుండె. ఆరు ఇండ్లోళ్లు గూడ ఏసిండ్రు.

ఆ దుప్పి సంగతి చదివి మనసు నొచ్చింది. పాపం, మూగజీవం. కంపల పడి చీరుకపోతే నువ్వే కూసోని ఆరు కుట్లు ఏసినవు. ఈ సంగతి ఊర్ల అందరికి చెప్పిన. ఎస్సై అయినోళ్లున్నరు, టీచరయినోళ్లున్నరు గానీ దుప్పికి కుట్లేసినోళ్లు మన మండలంల నువ్వొక్కదానివే. మీ అమ్మ నమ్మలే. నీ ఉత్తరం చూపిచ్చిన, ఆమెకు చదువు రాదు గాబట్టి నమ్మింది.

నెల కంటె బతకదని గోవిందు అన్నడని రాసినవు. నువ్వు దిగులు పడకు. నీ చేతనైంది నువ్వు చేసినవు. దాని రాత ఎట్లుంటే అట్లయితది.

జోగులమ్మ


క్యాంపు
అక్టోబరు 22

అత్తా,

వాగు పొంగి రెండు వారాలు జీపు రాలేదు. మీ రెండు ఉత్తరాలు ఈ రోజే కలిపి వచ్చాయి. జీపు కిందికి పోయేలోపు ఇది ఇచ్చి పంపాలి. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అందుకే పొట్టిగా రాస్తున్నాను.

దుప్పటి అంటే చెద్దరు. నేను కప్పుకునే చెద్దరు. ఇక్కడికి వచ్చేటప్పుడు కొత్తకోటలో బస్సు మారినప్పుడు బండి మీద కొన్నాను. అది పలుచగా ఉంది. దాన్నే ఉతికాను. దానికే కుట్లు వేశాను.

నేను దుప్పుల గురించి ఏమీ రాయలేదు. ఏమీ రాయలేనని రాశాను.

విత్తనం ఇంకా మిగిలి ఉంటే ఆపండి. ఆరు ఇళ్లవాళ్లకు చెప్పండి.

సుమన


గట్టు
అక్టోబరు 30

కోడలా,

ఆపడానికి ఏం లేదు. మొలక రెండాకులేసింది. సాళ్లు దూరంకెల్లి కనబడుతున్నయి.

నీ ఉత్తరం రెండు సార్లు చదివిన. తర్వాత నీ పాత ఉత్తరం తీసి మల్ల చదివిన. దుప్పటి అని మంచిగనే రాసినవు. అక్షరం తప్పులేదు. నేను ‘ట’ చూడలేదని అనుకోకు. చూసిన. మన ఇంట్ల చెద్దరే అంటం గదా, దుప్పటి అన్న మాట మా నోట ఎన్నడు రాలే. మనం ఏంది అంటే మీరు బడిల ఏమిటి అంటరు. నడుమ ‘ట’ పెడితే అది బడి మాట అయితది అనుకున్న. మనం దుప్పి అంటే మీరు దుప్పటి అంటరు గావచ్చు అనుకున్న. ఏంది, ఏమిటి. దుప్పి, దుప్పటి. నువ్వే చెప్పు, లెక్క కుదిరిందా లేదా.

సరే. ఇప్పుడు పని ఉన్నది. దుప్పిని ఉతికిండ్రు, కుట్లేసిండ్రు అన్న మాట ఊరంత తిరిగి భీమన్న కాడికి పోయింది. ఆయన చదువుకున్నోడు. నవ్వలే. ఆ ఉత్తరం ఒకసారి నాకు చూపియ్యి అన్నడు. రేపు మాపు అని దాటేస్తున్న. చూపిస్తే చెద్దరు మీద నమ్మకం పెట్టి తన చేను చేసినదాన్ని అయిత. యాదయ్య అక్కడనే కూసుంటడు.

నువ్వు ఒక పని చెయ్యి. ఆ ఉత్తరమే మల్ల రాయి. పాత తారీఖే ఎయ్యి. ఉతుకుడు తీసెయ్యి. నడుమ బడి తెలుగు అట్లనే ఉండనీ, అది చదివితే ఆయనకు గూడ నమ్మకం కలుగుతది. కింద ‘ట’ ఒక్కటి తీసెయ్యి. ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరం కింద నాలుగెకరాలున్నయి.

జల్ది పంపు.

జోగులమ్మ


క్యాంపు
నవంబరు 8

అత్తా,

తప్పు నాది. పలక మీద ‘చెద్దరు’ అని నీకు నేర్పి, ఉత్తరంలో ‘దుప్పటి’ అని రాశాను. నీకు రాస్తున్నానని మరిచిపోయి ఆఫీసుకు రాసినట్టు రాశాను. నువ్వు చదవకుండా వదిలేసిన నడిమి భాగాన్ని నేను ఈ రోజు మళ్లీ చదువుకున్నాను. అందులో నీకు పనికొచ్చేది ఒక్క ముక్క లేదు.

నీ ఉత్తరం అందినప్పటి నుంచి రోజూ పొద్దున డ్యూటీలోనే నీళ్ల గుంట దగ్గర ఆగి దుప్పులను చూస్తున్నాను. నాలుగు పొద్దులు చూశాను. ఒక రోజు ముప్పై నాలుగు వచ్చాయి. కొన్నింటి ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. రెండు ముసలివాటికి పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. మందమా పలుచనా అంటే నాకు తెలియలేదు. రాసుకున్న పుస్తకం గోవిందన్నకు చూపించి, వీటిని చూసి చలి చెప్పగలవా అని అడిగాను. ఆయన బీడీ ఆర్పి చెప్పిన మాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

“దుప్పి ఒంట్ల ఉన్నది పోయిన వాన. మొన్న తిన్న గడ్డి. రేపటి చలి దానికేం ఎర్కనమ్మా? దానికి పులి యాడున్నదో తెలిస్తే చాలు.”

అత్తా, ‘ట’ తీసి నేను రాయలేను. చెద్దరును చెద్దరు అని ఎన్నిసార్లయినా రాస్తాను. దుప్పి పలుచగా ఉందని రాయలేను, అది నేను చూడలేదు. ఇక్కడ జంతువుల లెక్కింపు నడుస్తోంది, జనవరి దాటేదాకా సెలవు లేదు. సెలవు దొరికిన రోజే వచ్చి భీమన్న ముందర నిలబడి తప్పు నాదని చెబుతాను. అప్పటిదాకా ఆ ఉత్తరం చూపించాలో వద్దో నీ ఇష్టం. చేను పోతే అది నా వల్ల పోయినట్టే, నాకు తెలుసు.

సుమన


గట్టు
నవంబరు 19

సుమన గారికి,

మీ ఉత్తరం అందినది. మీరు చదువుకున్నవారు. మంచిది.

జోగులమ్మ


క్యాంపు
డిసెంబరు 10

అత్తా,

నీ ‘గారు’ అందింది. దానికి జవాబు రాయను. పని సంగతి రాస్త.

ఇక్కడ నాలుగు రోజుల నుంచి చలి ముదిరింది. తాగే బిందె ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అక్కడ కూడా పడే ఉంటుంది. ఆఫీసు పని మీద నాగర్‌కర్నూలు పోయినప్పుడు వ్యవసాయం చదివిన ఒకామెను వెతుక్కుంటూ పోయి పల్లి గురించి అడిగి వచ్చాను. ఆమె చెప్పింది మన మాటల్లో రాస్తున్నాను. అర్థం కాని మాట ఒక్కటున్నా చెయ్యి పెట్టకు, నాకు రాయి.

చలికి పల్లి చావదు. ఎదుగుడు ఆగుతుంది. నల్లభూమిలో చలి పడితే లేత ఆకులు రంగు మారుతాయి. ఆకు ‘పచ్చబడుతుంది’ అని ఆమె అన్నది. నేను ఆ మాట రాయను, నువ్వు మంచిదే అనుకుంటావు. పసుపు కొమ్ము రంగు వస్తుంది. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. అట్లయితే దానికి ఇనుము అందడం లేదని అర్థం. ఇనుప ముక్క పాతిపెట్టడం కాదు. మందుల దుకాణంలో అన్నభేది అడుగు. లీటరు నీళ్లకు అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు. నిమ్మ ఉప్పు అంటే నిమ్మకాయలో ఉప్పు పిండడం కాదు, ఆ పేరుతోనే పొట్లం దొరుకుతుంది. రెండూ కలిపి పొద్దు వాలేటప్పుడు ఆకు మీద కొట్టాలి. వారానికి ఇంకొకసారి.

ఆకు రంగు మారకపోతే ఏమీ కొట్టకు.

నీ మీద ఒట్టు, ఇందులో బడి మాట ఒక్కటి లేదు. రెండుసార్లు వెతికిన.

సుమన


గట్టు
డిసెంబరు 29

సుమనా,

నీ ఉత్తరం అందేసరికి చేను పసుపు దంచి చల్లినట్టున్నది. నాలుగెకరాలు అదే రంగు. ఆరు ఇండ్లోళ్ల చేన్లు అదే రంగు. చలి ఇరవై దినాల నుంచి గట్టిగ పడుతున్నది. యాదయ్య దినాం చేను గట్టు మీదకెల్లి పోతడు. ఫోన్ల పాట పెట్టుకొని పోతడు. అదే బాధ.

భీమన్న పోయిన సోమారం చేనుకాడికి వచ్చిండు. ఒక మొక్క పీకి చూసిండు. గట్టు మీద కూసోని, ఇప్పుడన్న ఆ ఉత్తరం ఇయ్యవా అన్నడు. నా కొంగుకు కట్టుకొనే ఉన్న. రెండు నెలలాయె అట్లనే కట్టుకొని తిరగబట్టి. ఇయ్యబోయిన. కండ్లద్దాలు తేలే, నువ్వే చదువు అన్నడు.

చదివిన. వేలు పెట్టి చదివిన. ఉష్ణోగ్రత కాడ ఆగిన. అది ఇడిసిపెట్టు అన్నడు. కిందికి వచ్చినంక దుప్పటి అని, ‘ట’ గట్టిగనే పలికిన.

“దుప్పటి అంటే చెద్దరు గదనే” అన్నడు.

“చెద్దరే. చేను మొలిచినంక ఎర్కైంది.”

“అప్పుడే చెప్పకపోతివి?”

“చేను పోతదని.”

భీమన్న పీకిన మొక్కను గట్టు మీద పెట్టిండు. దానికి అసలు కుట్లెన్ని అన్నడు. ఆరు అన్న. లేచిపోయిండు.

ఆయనకు చెప్పినంక ఇంకెవరికి దాచాలె. ఆరు ఇండ్లకు పోయి చెప్పిన. నాలుగు ఇండ్లోళ్లు కూసోబెట్టి చాయ్ పోసిండ్రు, అదే కష్టమైంది. ఐదో ఇంటాయన తలుపేసుకున్నడు. ఆరో ఇంట్ల పెంటమ్మ కందికట్టె పొయ్యిల పెట్టుకుంట అన్నది. “ఆ పిల్లకు ఒక మంచి గొంగడి కొనిచ్చి పంపకపోతివా అక్కా. మనమంత శనగ ఏసుకుంటుంటిమి.”

మరునాడే నీ ఉత్తరం వచ్చింది. పెంటమ్మ ముంగట కూసోని చదివిన. యాడ ఆగలే. గద్వాలకు పోయి ఏడు చేన్లకు సరిపడ అన్నభేది, నిమ్మ ఉప్పు తెచ్చినం. దుకాణపాయన మీకెవరు చెప్పిండ్రు అని అడిగిండు. నల్లమల కెల్లి వచ్చింది అన్న. ఒకసారి కొట్టినం. ఇంకా రంగు మారలే.

యాదయ్యకు గూడ ఒకటైంది. నదిదిక్కుకెల్లి జింకలు దిగినయి. ముప్పై దాక ఉన్నయి. శనగ అప్పుడే కొసలేస్తున్నది గదా, లేతగ. పొద్దున ఒకసారి, పొద్దూకంగ ఒకసారి వచ్చి మేసిపోతున్నయి. తోలితే ఆయన చేన్లకెల్లి మా చేన్లకు దుంకుతయి, పల్లి వాసన చూస్తయి, మల్ల శనగలకే పోతయి. పసుపు రంగు వాటికి గూడ నచ్చలే. యాదయ్య డబ్బా కొట్టుకుంట కూసుంటుండు. డబ్బా కొట్టేటప్పుడు ఫోన్ పట్టుకోరాదు.

‘గారు’ అన్నందుకు ఏం అనుకోకు. ఆ దినం ఇంకేం మాట చేతికి రాలే.

నీ అత్త


క్యాంపు
ఫిబ్రవరి 18

అత్తా,

లెక్కింపు అయిపోయింది. సెలవు అడిగిన, హోళీ తర్వాత ఇస్తమన్నరు. పల్లి పీకుడు అప్పటిదాక ఆగదు, నాకు ఎర్కనే. రాలేకపోతున్న. మీ అందరి నడుమ కూసోని కాయ తెంపాలని మస్తు అనిపిస్తున్నది.

రెండోసారి కొట్టినంక ఆకు తిరిగిందని, నాగర్‌కర్నూలు పోయినప్పుడు ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది. ఎకరానికి ఎంత వస్తదో ఆమెకు తెల్వదంట. భీమన్న ఏమంటుండు? చేను ఎవరికి? మంచిదైనా చెడ్డదైనా నువ్వే రాయి. పొట్టిగ రాయకు. నీ పొట్టి ఉత్తరమంటే నాకు భయం పట్టుకున్నది.

గోవిందన్న దినాం అడుగుతుండు, మీ అత్త చేను ఏమాయె అని. ఆయనకు దుప్పుల కంటె ఇప్పుడు పల్లి మీద ఎక్కువ ధ్యాస.

సుమన


గట్టు
మార్చి 12

సుమనా,

నీ ఉత్తరం చదివినప్పుడు ఎక్కడ ఆగలే. మా ఇంట్ల మనిషి పక్కన కూసోని చెప్పినట్టే ఉన్నది.

పల్లి పీకినం. పోయిన రెండేండ్ల కంటె మంచిగ వచ్చింది. చలి లేకుంటే రావాల్సినంత రాలే. రంగు తిరిగినంక గూడ నెల దినాలు ఎనకపడ్డది గదా, కొసన కాయలు కొన్ని తాలు. ఆరు ఇండ్లోళ్లకు అట్లనే. ఐదో ఇంటాయన తలుపు తీసిండు. అన్నభేది వచ్చే ఏడు గూడ కొనాల్నా అని అడిగిపోయిండు.

యాదయ్యకు శనగ సగం పోయింది. దాంట్ల జింకలు తిన్నది శానా, ఆయన వాటిని తోలుకుంట తొక్కింది కొంత. చలి పడుతదని ఆయన ఫోన్ చెప్పింది నిజమే. జింకల సంగతి దాంట్ల లేదు.

నిన్న భీమన్న ఇద్దరిని పిలిచిండు. చేను ఇంకో మూడేండ్లు నాకే అన్నడు. యాదయ్య ఊకోలే. ఆమె చెద్దరును చూసి పంట ఏసింది, నేను ఫోన్ చూసి ఏసిన, ఆమెకెట్ల ఇస్తవు అని కొట్లాడిండు. భీమన్న చెప్పింది ఒకటే మాట.

“జోగులమ్మకు తన తప్పు యాడున్నదో ఎర్క. నువ్వు ఇంకా ఫోన్లనే ఎతుకుతున్నవు.”

పొద్దున ఒక గంపెడు పల్లికాయ తీసుకపోయి యాదయ్య ఇంట్ల పోసిన. ఆయన భార్య తీసుకున్నది. ఆయన డబ్బా కొట్టి కొట్టి భుజం పట్టిందని పండుకున్నడు.

గోవిందుకు చెప్పు, చేను ఉన్నదని. నువ్వు వచ్చేటప్పుడు ఆయనను గూడ తోలుకరా, ఉడికిచ్చిన పల్లికాయ పెడ్త.

జింకలు ఇంక పోలే. ఇప్పుడు కోసిన శనగ కొయ్యకాళ్లల్ల తిరుగుతున్నయి. మొన్న దగ్గరకెల్లి చూసిన. ఒళ్లు నున్నగ, పిర్రలు గుండ్రగ, బొచ్చు ఇంత మందం. అంత బలిసిన జింకలను నేను పుట్టినంక చూడలే. ఊరోళ్లు చూసి, అక్కా, వచ్చే ఏడు చలి ముదురే గదా అని అడుగుతుండ్రు. మా నాయన ఉంటే ముదురే అంటుండె. నేను శానా సేపు చూసిన. నాకు యాదయ్య శనగ తప్ప ఇంకేం కనబడలే.

నీ అత్త
జోగులమ్మ